మకుటంలో మా బాబాయి

పోయిన ఆదివారం మా మనవరాలు నన్ను విజయవాడలో కవయిత్రుల సభకు తీసుకువెళ్లింది. తీసుకువెళ్లిందంటే, ఇంట్లో నన్ను కనిపెట్టుకుని ఉండే మనిషి ఆవేళ సెలవు పెట్టింది కాబట్టి వెంటబెట్టుకుపోయింది గాని, కవిత్వం మీద నాకున్న అభిమానం గుర్తించి కాదు. ఏసీ హాలు, మెత్తని కుర్చీ, తొంభై దాటిన మనిషికి కునుకు తీయడానికి ఇంతకంటే ఏం కావాలి, హాయిగా కళ్లు మూసుకోబోతుంటే, పాతికేళ్లయినా నిండని ఒక అమ్మాయి వేదిక ఎక్కి, ఇంటిపనిలో చేయి కలపని మొగుణ్ణి పేరు పెట్టి పిలిచి మరీ కవిత్వంలో దులిపేసింది. అందులో వింతేమీ లేదు. వింతల్లా ఏమిటంటే, ఆ మొగుడు ముందు వరసలోనే కూర్చుని, తన పేరు వచ్చినప్పుడల్లా ఫోను కాస్త పైకెత్తి, ఆ దులపడాన్నంతా శ్రద్ధగా వీడియో తీసుకుంటున్నాడు. నాకు పెద్దగా నవ్వు వచ్చేసింది. పెద్దావిడకు ఏదో అయిందని పక్కవాళ్లు మంచినీళ్లు తెచ్చారు. ఏదో అయిన మాట నిజమే. యుద్ధం రోజుల్లో, దీన్ని ఇంకా బెజవాడ అంటున్న కాలంలో, ఇలాంటి సభలోనే రెండక్షరాల మాట ఒకటి సమయానికి నా నోట రాలేదు. అది గుర్తొచ్చింది.

అప్పటికి నాకు పద్నాలుగేళ్లు. మా ఊళ్లో హైస్కూలు లేక, బెజవాడలో మా పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. బాబాయికి చేనేత చీరల కొట్టు ఉండేది. ముందు రెండు గదులూ కొట్టు, వెనక రెండు గదులూ కాపురం, ఆ రెంటికీ మధ్య గడప పక్కన పీట వేసుకుని పిన్ని అత్తగారు రెండు రాజ్యాలూ ఏలుతుండేది. ఆవిణ్ణి నేను మామ్మా అనేదాన్ని, ఆవిడ నన్ను కోతీ అనేది. ఇద్దరికీ దాని మీద ఫిర్యాదు లేదు. బాబాయి పేరు కృష్ణమూర్తి. వచ్చిన చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది.

పెళ్లాం మొగుడి పేరు నోటితో అనకూడదన్న నియమం ఆ తరంలో ఎవరింట లేదు గనక! కానీ మిగతా ఆడవాళ్లకు దానివల్ల పోయేది ఒక్క పేరే. ఏ సుబ్బారావుగారి భార్యకో ఒక సుబ్బారావు తక్కువవుతాడు, అంతే. మా పిన్నికి ఏకంగా ఒక నది పోయింది, ఒక జిల్లా పోయింది, ఒక దేవుడు పోయాడు. కార్తీకమాసంలో స్నానానికి బయల్దేరుతూ ఏటికి వెళ్లొస్తాననేది. అష్టమి పండగ అనేది, ఏ అష్టమో మనమే ఊహించుకోవాలి. పెద్దతనంలో కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవడం అందరికీ రాసిపెట్టి ఉంటే, మా పిన్నికి అందులోనూ సగమే దక్కుతుందని నేను వెక్కిరించేదాన్ని. ఒకసారి రేషను కార్డు కోసం వెళితే అక్కడి గుమాస్తా భర్త పేరు అడిగాడు. పిన్ని నా వంక చూసింది. నేను ఊరుకోకుండా, "మన జిల్లా పేరేనండీ" అన్నాను. ఆయనది అవతలి ఒడ్డు కాబోలు, తలెత్తకుండా గుంటూరు అని రాసుకున్నాడు. మూడు నెలలపాటు మాకు పంచదార గుంటూరుగారి పేరు మీద వచ్చింది.

ఇంత నిష్ఠగల మనిషి, మధ్యాహ్నం మామ్మ కునుకు తీసే వేళ, పద్యాలు రాసేది. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా, వాళ్ల నాన్నగారు అరుగు మీద పిల్లల చేత వల్లె వేయించే పద్యాలన్నీ తలుపు చాటున విని, నడక పట్టేసుకుంది. యుద్ధం పుణ్యమా అని కాగితం కరువు గనక, కొట్టులో చీర మడతల మధ్య పెట్టే తెల్ల కాగితాలు తీసుకునేది. రాసినవన్నీ ఆటవెలదులు, అన్నీ దేవుణ్ణి నిలదీసేవే, ప్రతి పద్యం చివరా ఒకటే మకుటం: మాట దాచనేల మనకు కృష్ణ. పేరు అనకూడదు కదా పిన్నీ అంటే, ఆవిడ దగ్గర జవాబు తయారుగా ఉండేది.

"నోటితో అనకూడదన్నారు. చేత్తో రాయకూడదని ఎవరన్నారే?"

కాబట్టి తనే చదివి వినిపించేటప్పుడు 'మనకు' దాకా వచ్చి ఆగేది, నేను కృష్ణ అని అందించేదాన్ని. నూటెనిమిది పద్యాలకు నేనే మకుటాన్ని. అంత గౌరవప్రదమైన ఉద్యోగం తర్వాత నాకు మళ్లీ దొరకలేదు.

ఒక కాగితం పొరపాటున మడతలోనే ఉండిపోయి చీరతోపాటు ఉయ్యూరు వెళ్లిపోయింది. నెల తిరక్కుండా ఆ చీర కొన్నావిడ ఎడ్లబండి కట్టించుకుని వచ్చింది. రంగు వెలిసిందేమోనని బాబాయి హడలిపోయాడు. ఆవిడ చీర ఊసే ఎత్తలేదు, ఇంకో కాగితం ఉందా అని అడిగింది. బాబాయికి ఏమీ అర్థం కాలేదు. పిన్నికి అర్థమై ఆవేళ కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ తర్వాత మడత కాగితాలు తరిగిపోతున్నా బాబాయి అడగడం మానేశాడు. తెలిసి మానేశాడో, తెలియకో, ఆయన మొహం చూసి ఏదీ కనిపెట్టలేం.

ఇంతలో ఒక సాహిత్య సంఘం వాళ్లు కొత్త శతకాలు పంపమని పత్రికలో ప్రకటన ఇచ్చారు. పిన్నిని ఒప్పించడానికి నాకు వారం పట్టింది. శతకమంతా నేనే చక్కగా తిరగరాసి, పై అట్ట మీద 'కృష్ణ శతకం' అని, నాకు తెలిసిన లతలూ నెమలిపింఛాలూ అన్నీ చెక్కి, కింద కృష్ణమూర్తిగారి ఇల్లు, బెజవాడ అని చిరునామా రాశాను. ఆ నగిషీలతో అట్ట నిండిపోయింది. రాసిన మనిషి పేరుకు చోటు మిగల్లేదు. పిన్నికి చూపించకుండానే పోస్టు చేసి వచ్చాను. సాహిత్య చరిత్రలో ఎంతమంది ఆడవాళ్లకు చోటు చాలకుండా పోయిందో నాకు తెలియదు గాని, ఒకావిడ విషయంలో మాత్రం తప్పెవరిదో నాకు కచ్చితంగా తెలుసు.

జవాబు 'కవివర్యులు కృష్ణమూర్తిగారికి' అని వచ్చింది. మకుటంలో ఆ పేరు, చిరునామాలో ఆ పేరు, వాళ్లు మాత్రం ఇంకేమనుకుంటారు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం సభకు దయచేసి శతకం వినిపించాలనీ, శాలువా కప్పి సత్కరిస్తామనీ రాశారు. బజారంతా కొట్టుకొచ్చి బాబాయిని అభినందించింది. మా వాడు చిన్నప్పట్నుంచీ అంతే, అంటూ మామ్మ అందరికీ బెల్లం ముక్కలు పంచింది. బాబాయి ఉత్తరం రెండుసార్లు చదివి, "శాలువా అంటున్నారు, ఎన్నో నంబరు నూలో రాయలేదే" అన్నాడు.

పిన్ని మాత్రం రుబ్బురోలు ముందు కూర్చుంది. రెండు రోజులు మినప్పప్పు రుబ్బుతూనే ఉంది. అన్ని గారెలు ఎవరు తింటారని అడిగే ధైర్యం నాకు కూడా లేకపోయింది. మూడోనాడు నేను ఏడుస్తూ, రాసింది ఆయన కాదని ఉత్తరం రాసేస్తానన్నాను.

"ఏమని రాస్తావే? ఆయన కాదు, ఆవిడ అనా? ఆ ఆవిడ ఎవరయ్యా అంటే మళ్లీ ఆయన భార్యేనంటావు," అంది పిన్ని. ఇంకో గుప్పెడు పప్పు వేసి, రుబ్బురోలు మీంచి తలెత్తకుండానే, "నూటెనిమిదీ నావేనే," అంది. అప్పటిదాకా నాకు అది నా రాత తప్పుగానే కనిపించింది. ఆవిడ దగ్గర ఉన్నదల్లా ఆ నూటెనిమిదేనని అప్పుడు తెలిసింది.

బాబాయి ఆ రాత పిన్నిదని నా నోటే విన్నాడు. విని, తానే సభకు వెళ్లి, ఇవి మా ఇంట్లోవాళ్లు రాశారని చెప్పి వచ్చేస్తానన్నాడు. మీరు చెబితే నమ్మరు, మంచితనం కొద్దీ పెళ్లానికి కట్టబెడుతున్నాడంటారు, నేనే వచ్చి చదువుతానంది పిన్ని. రాయనిదానికి కొడుకు శాలువా కప్పించుకుంటే ఇంటిపరువు పోతుంది గనక మామ్మ కూడా ఒప్పుకుంది, ఒక షరతు మీద.

"పద్యం నువ్వు చదువు. పేరు మాత్రం ఆ కోతి చెప్పాలి."

సభ ఒక గ్రంథాలయం మేడ మీద. మగవాళ్లకు కుర్చీలు, ఆడవాళ్లకు ఓ పక్కన చాపలు. అధ్యక్షులుగారు తెల్లటి ఉత్తరీయంతో నిండుగా ఉన్నారు. వేదిక మీద కూర్చోబెట్టిన బాబాయి లేచి, దణ్ణం పెట్టి, తనకు నూలు నంబర్లు తప్ప ఏమీ రావనీ, ఈ పద్యాలు తనవి కావనీ చెప్పాడు. కవులకు వినయమే భూషణమన్నారు అధ్యక్షులుగారు. కాదండీ, నిజంగానే కావండీ అన్నాడు బాబాయి. ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన కాదన్నకొద్దీ మహాకవి అయిపోతున్నాడు. ఇక లాభం లేదని పిన్ని చాప మీంచి లేచి, అవి నేను రాశానండీ అంది. అధ్యక్షులుగారు దయగానే, ఏదీ ఒకటి చదవమ్మా అన్నారు. పిన్ని మొదలుపెట్టింది.

వెన్న తిన్న నోట వేణువూదెదవీవు
చిలికినట్టి చేతి చెమట యెవరు
తుడిచినారొ చెప్పు దొడ్డవాడవు గదా
మాట దాచనేల మనకు...

అలవాటుగా ఆగింది. నా వంక చూసింది, దాంతో హాలంతా నా వైపు తిరిగింది. ప్రపంచంలో ప్రతి గంభీర ఘట్టానికీ ఒక వెక్కిరింత సిద్ధంగా పెట్టుకు తిరిగే నాకు, నాలుక అంగిలికి అంటుకుపోయింది. పిన్ని ఇంకోసారి 'మనకు' అంది. నేను నోరు తెరిచాను, గాలి వచ్చింది.

అధ్యక్షులుగారు నవ్వారు. "చూశారా, పద్యం కంఠతా పట్టించారు గాని మకుటం మరిచారు. తన శతకానికి మకుటం ఎవరు మరుస్తారమ్మా?"

అందరూ నవ్వారు. మరవలేదు, మొగుడి పేరు కాబట్టే అనలేకపోతోందని ఎవరికి చెప్పను. పిన్ని నా వంక చూడలేదు, మామ్మ వంక చూడలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, తిన్నగా వేదిక మీదికి చూసి, "మాట దాచనేల మనకు కృష్ణా!" అంది.

"ఆఁ" అన్నాడు బాబాయి.

పాపం, పిలిస్తే పలికాడు. పదమూడేళ్ల కాపురంలో ఆవిడ నోట ఆ పేరు వినడం అదే మొదలు. కుర్చీలోంచి సగం లేచి నిలబడ్డాడు కూడా. హాలు గొల్లుమంది. నవ్వు ఆగేదాకా ఉండి, బాబాయి చేతులు నలుపుకుంటూ, "ఆ చెమట సంగతండీ... ఎవరూ తుడవలేదండీ. అడిగింది నన్నేనండీ," అన్నాడు.

ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. అధ్యక్షులుగారు ఉత్తరీయం సర్దుకుని, చదువమ్మా తల్లీ అన్నారు, ఈసారి గొంతు వేరుగా ఉంది. పిన్ని నిలబడి చదువుతూ పోయింది. మకుటం వచ్చినప్పుడల్లా తనే అంది, ఎక్కడా ఆగలేదు. మామ్మ మొదట చెవులు మూసుకుంది, తర్వాత పక్కావిడతో, "దేవుణ్ణి పిలుస్తోంది లెండి, మా వాణ్ణి కాదు," అంది, ఆ తర్వాత తనే తలూపడం మొదలెట్టింది. పరాయి ఆడదానికి శాలువా కప్పకూడదు గనక దాన్ని బాబాయి చేతికిచ్చి కప్పించారు. కప్పేముందు ఆయన రెండు వేళ్లతో అంచు నలిపి చూసి, మరనేత, అని నిట్టూర్చాడు. ఇంటికి వస్తుంటే జట్కాలో మామ్మ చాలాసేపు ఆలోచించి, "నాలుగో పద్యంలో అత్తగారెవరే?" అని అడిగింది. యశోదండీ అత్తయ్యా, అంది పిన్ని తడుముకోకుండా.

ఇక్కడితో అన్నీ మారిపోయాయని రాస్తే బాగుంటుంది గాని, మారలేదు. ఏరు ఏరుగానే ఉండిపోయింది, ఏమండీ ఏమండీగానే ఉండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం పిన్ని రుబ్బుతుంటే బాబాయి తువాలు పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ఏం కావాలండీ అంది పిన్ని. ఆయన కంగారుపడి తన మొహమే తుడుచుకుని కొట్టులోకి వెళ్లిపోయాడు. పిన్ని ఆవేళంతా నవ్వుతూనే ఉంది. సంఘంవాళ్లు వేసిన సభా విశేషాల కరపత్రంలో మాత్రం 'శ్రీమతి కృష్ణమూర్తిగారు శతకం వినిపించిరి' అని పడింది. ఎవరి శతకమో రాయలేదు. నేను నగిషీలు చెక్కిన ప్రతిని వాళ్లు భద్రంగా దాచారట. ఎంత భద్రంగానంటే మళ్లీ ఎవరికీ దొరకలేదు. మడత కాగితాలు ఒకటొకటే చీరలతోపాటు డెల్టా అంతా వెళ్లిపోయాయి. పిన్నీ బాబాయీ వెళ్లిపోయారు. నాకు నోటికి వచ్చినవి నాలుగు పద్యాలు.

సభ నుంచి వస్తూ కారు బ్యారేజీ మీదికి ఎక్కగానే మనవరాలు, అప్పట్లో కవయిత్రులే లేరా అమ్మమ్మా, ఎక్కడా పేర్లు కనపడవేం, అంది. ఇవాళ్టి పిల్లలు పేరు పెట్టి పిలుస్తున్నారు, అడగవలసింది సూటిగా అడుగుతున్నారు, ముచ్చటగానే ఉంది. పిలిస్తే ఆఁ అని లేచి నిలబడి, తుడవలేదండీ అని ఒప్పుకునే శ్రోతలే ఫోనుల వెనక్కి వెళ్లిపోయారు. జవాబు చెబుదామని ఇంటికొచ్చి ఇదంతా రాశాను. రాసింది మళ్లీ చదువుకుంటే, బాబాయి పేరు అడుగడుగునా ఉంది. ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఈ వయసులో చేయి వణికి నగిషీలు చెక్కలేను గనక, ఈసారి అడుగున కాస్త చోటు మిగిలింది.

ఆ నూటెనిమిది పద్యాలూ రాసినావిడ పేరు నాంచారమ్మ.