తుడవని మెమరీ

నాన్న చీపురుపల్లిలో వయొలిన్ నేర్పేవారు. ఆయన పోయాక మాకు మిగిలినవి పాఠాల క్యాసెట్లు, అవీ బూజు పట్టేస్తున్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, బర్రుమనే రొద తీసేసే ప్రోగ్రాం పైథాన్‌ అనే కంప్యూటర్ భాషలో రాశాను. రాయడానికి ఒక పూట, నడవడానికి క్యాసెట్టుకి ఒక రోజు. అమ్మ పొద్దున్నే వచ్చి "ఆయన గొంతు వచ్చిందేటి?" అనడిగేది. అసలే నాకు ఓపిక తక్కువ. విసుగొచ్చి మొత్తం సి‌ భాషలో తిరగరాశాను.

సి‌లో పావుగంటకో క్యాసెట్టు తేలిపోయింది. ఆ వేగం ఊరికే రాదు. సి మనం అడిగినంత మెమరీ ఇస్తుంది గానీ, అందులో అంతకుముందు ఏముందో తుడవదు. అద్దెకి దిగిన ఇంట్లో పాతవాళ్ల క్యాలెండరు మేకుకి వేలాడుతున్నట్టే. పైథాన్ మనకి తెలియకుండానే ఊడ్చిపెడుతుంది, సి‌లో ఆ పని మనదే. కాలేజీలో పిల్లలకి ఏటేటా ఈ పాఠం చెప్పేదాన్ని నేనే.

క్యాసెట్లన్నీ అయ్యాక, ఆఖర్న అమ్మ పాట ఒకటి అదే ప్రోగ్రాంలో పెట్టాను. నాన్న పోయిన ఏడాదికి నా ఫోన్‌లో నేను రికార్డు చేసిన పాట అది. మధ్యాహ్నం స్పీకర్లో పెట్టాను. పల్లవి అయ్యి అమ్మ ఊపిరి తీసుకున్న చోట నాన్న గొంతు వినబడింది.

"ఊఁ. మళ్ళీ."

అమ్మ గరిటెతో గుమ్మంలోకి వచ్చింది. నావైపు చూడకుండా, స్పీకర్‌కేసి చూస్తూ పల్లవి మళ్ళీ అందుకుంది.

పాడడం అయ్యాక చెప్పాను. "అమ్మా, అది నా తప్పు. పాత క్యాసెట్టులో మాట మెమరీలో ఉండిపోయి ఇందులోకి వచ్చీసింది. ఒక్క లైను రాస్తే పోతాది."

"రాయకే," అంది. "ఆవేళ పాడినంతసేపూ ఆయన వింటన్నారో లేదో అనుకున్నాను."

భయమేసింది నాకు. ఆ మాట ఎక్కడిదో తేల్చుకుందామని క్యాసెట్లన్నీ విన్నాను. "మళ్ళీ" అని నాన్న వందలసార్లు అన్నారు, ప్రతిసారీ కసురుకుంటూనే. ఇంత నెమ్మదిగా అన్నది ఒక్కదాంట్లోనూ దొరకలేదు.

మెమరీ తుడిచే ఆ లైను రాశాను. సరైన కాపీ తయారైంది. అమ్మకి మాత్రం తప్పుడుదే ఇచ్చాను, రోజూ వింటోంది. సరైనది నా దగ్గరే ఉంది. అమ్మ ఆగిన చోట ఎవరూ పలకని ఆ రెండు క్షణాలు వినడానికి నాకు ధైర్యం చాల్లేదు.