బావ వేలికి ఏ దారం?

భీమవరంలో వలలూ గాలాలూ అమ్మే కొట్లో రెండు దారపు చుట్టలు నా ముందు పెట్టారు. ఒకటి మోనో, అంటే మేం చిన్నప్పటి నుంచీ వాడుతున్న నైలాన్ దారమే. రెండోది ఫ్లోరోకార్బన్. చూడ్డానికి రెండూ ఒకేలా ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే మాత్రం రెండోది కొంచెం బిరుసు, కొంచెం బరువు.

"ఇది నీళ్ళలో కనపడదండి," అన్నాడు కొట్టాయన ఫ్లోరోకార్బన్ చూపిస్తూ. "చేప ఎదురుగా వచ్చి నిలబడినా దానికి తెలీదండి."

"చేప సంగతి కాదండి. పట్టుకున్నవాడికి తెలియాలి."

"పట్టుకున్నవాడికి తెలీకపోవడమేంటండి?" అని నవ్వాడు.

చెప్పాలంటే చాలా ఉంది. రెండూ ఒక్కో చుట్ట తీసుకుని ఇంటికి వచ్చాను.

పట్టుకోవలసినవాడు మా బావ, అక్క భర్త. కిందటి వానాకాలంలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగి వచ్చింది. కర్ర సాయంతో నడక వచ్చింది. కుడిచెయ్యి పైకి లేస్తుంది, వేళ్ళు ముడవగలడు. ఆ వేళ్ళ కొసల్లో స్పర్శ మాత్రం సరిగా రాలేదు. పళ్ళెంలో అన్నం వేడిగా ఉందో లేదో ఎడమచేత్తో ముట్టుకుని చూసుకుంటాడు. అలాంటివన్నిటికీ ఆయన సర్దుకున్నాడు. సర్దుకోలేకపోయింది గాలానికి ఒక్కదానికే.

మా వైపు కాలువ గట్ల మీద చాలామందికి కర్ర ఉండదు, నీళ్ళ మీద తేలే బెండూ ఉండదు. దారాన్ని ఖాళీ నీళ్ళ సీసాకి చుట్టుకుంటాం. చివర గాలం, సీసం గుండు కట్టి చేత్తోనే విసురుతాం. తర్వాత దారాన్ని చూపుడువేలి మీదుగా వేసుకుని కూర్చోవడమే. చేప ఎర ముట్టిన కబురు వేలికే రావాలి. లాకుల దిగువన, మా అక్కావాళ్ళ ఊరి గట్టు మీద, బావ కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

"జెల్ల వచ్చింది. కొరుకుతోంది. ఉండు, ఇంకా మింగలేదు."

కాసేపాగి చెయ్యి వెనక్కి లాగితే జెల్లే వచ్చేది. నా దారానికి చేప తగిలి, ఎర తినేసి వెళ్ళిపోయినా నాకు తెలిసేది కాదు. "ఒరేయ్ బామ్మర్దీ, అది వేలా, చిలకడదుంపా?" అనేవాడు.

నేను ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాను. పదో తరగతితో చదువు ఆగింది. ఇంత రొయ్యకి ఇంత ఐసు, ఇంత దూరం పోయే లారీలో ఇంత కరుగుతుంది అనే లెక్కలు నాకు ఎవరూ చెప్పలేదు, చూసి చూసి పట్టుకున్నాను. కొలవందే దేన్నీ నమ్మను. ఆదివారాలు బావ పక్కన గట్టు మీద కూర్చున్నప్పుడు మాత్రం దేన్నీ కొలవాలనిపించేది కాదు. ఇప్పుడు ఫ్యాక్టరీలో ఐసు దిమ్మ మీద చెయ్యి పెట్టినప్పుడల్లా, ఈ చలి ఆయన వేలికి తెలుస్తుందా అని అడుగుతుంటాను నన్ను నేనే.

ఇంట్లో గుమ్మం పైన మేకు కొట్టి, ఒకే మందం ఉన్న దారాల్ని ఒక్కో బార కొలిచి వేలాడదీశాను. ఒక్కోదానికి లీటరు నీళ్ళ సీసా కట్టాను. నైలాన్ నాలుగు వేళ్ళ మేర సాగింది. ఫ్లోరోకార్బన్ రెండు వేళ్ళు సాగి ఆగింది. నైలాన్ నీళ్ళు పీల్చుకుంటే ఇంకా మెత్తబడుతుంది. రెండోది నీళ్ళు పీల్చదు. చేప లాగిన దాంట్లో దారం సాగడానికి పోయింది పోగా మిగిలిందే వేలికి వస్తుంది. సాగడం తగ్గితే కబురు గట్టిగా రావాలి. లెక్క అంతే.

అయినా వెంటనే తేల్చుకోలేకపోయాను. నైలాన్ చేతికి మెత్తన, ముడికి లొంగుతుంది, చేప గింజుకుంటే తానూ సాగి కాస్త ఓర్చుకుంటుంది. ఫ్లోరోకార్బన్ సీసాకి చుడితే ఆ చుట్టల ఆకారంలోనే బిగుసుకుంటుంది. పైగా వేలిని కోస్తుంది. స్పర్శ లేని వేలు తెగినా ఆయనకి తెలియదు. పక్కన కూర్చుని నేనే చూసుకుంటాననుకుని, చివరికి ఫ్లోరోకార్బన్ పట్టుకెళ్ళాను.

అక్క వాకిట్లో కుర్చీ వేసింది. గాలానికి నేను ముడి వేశాను. మావాళ్ళు ముడి వేశాక మిగిలిన కొసని బీడీ నిప్పుతో కాలుస్తారు. నైలాన్ కరిగి చిన్న పూసలా గట్టిపడుతుంది, ముడి జారదు.

"బీడీ ఒకటి ఇయ్యవే," అన్నాడు బావ.

"డాక్టరు వద్దన్నాడుగా."

"తాగడానిక్కాదే, ముడికి."

"ముడికి ఒక దమ్ము, మీకు నాలుగు దమ్ములు. నాకు తెలీదనుకున్నారా?" అంటూ అక్క దేవుడి దగ్గర వెలుగుతున్న అగరుబత్తి తెచ్చి ఇచ్చింది. "ఇదిగో, దీంతో కాల్చుకోండి."

"చేపకి పూజ చేస్తున్నట్టుందిరా," అని బావ నవ్వాడు. కొస నేనే కాల్చాను.

గట్టు దాకా మెల్లగా నడిపించాను. గాలం విసిరి, దారం ఆయన చూపుడువేలి మీద వేశాను. కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. గుర్రపుడెక్క తేలుతూ పోతోంది. అడపాదడపా వేలు తెగిందేమోనని వంగి చూస్తున్నాను.

"ఊరికే చూడకురా, సిగ్గేస్తోంది," అన్నాడు. ఆ వెంటనే గొంతు మారింది. "ఒరేయ్. ఉండు."

దారం కొద్దిగా అటు జరిగింది.

"వాలుగరా. జెల్ల కాదు. నమలట్లేదు, ఒకేసారి పట్టుకుపోతోంది," అని చెయ్యి వెనక్కి లాగాడు. దారం బిగిసింది, నీళ్ళ మీద తెల్లని పొట్ట ఒకటి తిరగబడి మెరిసింది, దారం వదులైపోయింది. లాగి చూస్తే చివర గాలం లేదు. ముడి దగ్గరే పోయింది. ఈ దారం నిప్పుకి ఓర్చదు. నైలాన్‌కి చేసినట్టే దీనికీ చేశాం. దీన్ని తడిపి, నిదానంగా బిగించి, కొస అలాగే వదిలెయ్యాలని తర్వాత తెలుసుకున్నాను.

బావ వేలిని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసుకుంటూ ఉండిపోయాడు. "తెలిసిందిరా," అన్నాడు.

మర్నాటి నుంచే కాలువ కట్టేశారు. ఏటా వేసవిలో మరమ్మతులకి కట్టేస్తారు. నీళ్ళు అడుగంటి బురద తేలింది. ఇంక జూన్‌లో వదిలేదాకా గాలం లేదు.

వేలికి అప్పుడు తెలిసిందేదో ఈలోగా పోతుందేమోనని ఆయన భయం. అందుకే ఇప్పుడు ఆదివారాలు బావ వరండాలో కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. దారం రెండో కొస పట్టుకుని నేను బోరింగు దగ్గర నిలబడతాను. నేను చేపని. జెల్లలా కొరుకుతాను, వాలుగలా పట్టుకుపోతాను. ఆయన పేరు చెప్పాలి. ఒక్కోరోజు వరసగా చెబుతాడు. ఒక్కోరోజు నేను చేతిలో ఉన్న బలమంతా పెట్టి లాగినా చెప్పడు. బాగున్న రోజుకీ బాగాలేని రోజుకీ మధ్య ఏదైనా లెక్క ఉందేమోనని తిండీ, నిద్రా, ఎండా అన్నీ గమనించాను. నాకేమీ దొరకలేదు.

నిన్న అక్క మజ్జిగ తెస్తే తాగడానికి ఆగాను. వరండాలోంచి బావ అరిచాడు.

"జెల్లరా! తగిలింది!"

అక్క నా వంక చూసింది. అవునని చెప్పమన్నట్టుంది ఆ చూపు. ఈ ఆట మొదలెట్టిన రోజే బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు, అబద్ధం చెప్పొద్దని.

"లాగలేదు బావా."

ఆయన కళ్ళు తెరవలేదు. దారాన్ని వేలి మీద కాస్త ముందుకి జరుపుకున్నాడు.

"సరే అయితే. ఇప్పుడు లాగు," అన్నాడు.

గ్లాసు కింద పెట్టి దారం అందుకున్నాను. చిన్న జెల్ల ఎరని ముట్టీ ముట్టనట్టు ఎలా లాగుతుందో అలా లాగి, ఆయన మొహం వంక చూస్తూ నిలబడ్డాను.