'చూశాను' అనే గడి

గ్యాస్ ఏజెన్సీలో బుకింగులు రాసే పెద్దకోడలికి ఎన్నికలొచ్చాయంటే ఇల్లూ వాకిలీ, కట్టుకున్న మొగుడూ అన్నీ ఆ తరవాతే. ఏ పార్టీకీ చెందని పౌరుల పరిశీలన సంఘంలో ఆమెది పదకొండేళ్ళ సేవ. పోలింగుకి రెండు నెలల ముందే ఓటర్ల జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరగడం, పోలింగు నాడు బూత్ దగ్గర ఎవరిని ఎందుకు వెనక్కి పంపారో రాసుకోవడం ఆమెకి కొట్టిన పిండి. ఇన్నేళ్ళలో ఆమె కోరుకున్నది ఒక్కటే. పోలింగు రోజున సంఘం ఆఫీసులో ఒక ఫోన్ల గది నడుస్తుంది. అన్ని బూత్‌ల కబుర్లూ అక్కడికే వస్తాయి. అందులో వార్డుకి ఒక్క కుర్చీ. రెండు ఎన్నికలుగా అది చేతిదాకా వచ్చి జారిపోయింది.

ఈసారి తనదే అనుకుంటూ ఉండగా తోడికోడలు సంఘంలో చేరింది. వీధి చివర బ్యూటీపార్లరు నడుపుకునే మనిషి, నిన్నగాక మొన్న వచ్చింది. పెద్దావిడని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేసేవాళ్ళు చిన్నదాన్ని మాత్రం లోపలికి పిలిచి కూర్చోబెట్టేవారు. ఇల్లు మారిపోయినవాళ్ళెవరో, జాబితాకెక్కని కొత్తకోడళ్ళెవరో అడక్కుండానే చెప్పేవారు. సంఘాన్ని నడిపించే రిటైర్డ్ కోర్టు గుమాస్తా మీటింగులో చిన్నదాని ఫారాలు ఎత్తి చూపించి మెచ్చుకున్నాడు. ఆ మెప్పు పెద్దావిడకి మింగుడుపడలేదు. అయినా అందరితోపాటు నవ్వింది, పాపం.

ఫారంలో ప్రతి పేరుకీ ఎదురుగా రెండు గడులుంటాయి. ఒకటి 'స్వయంగా చూశాను', రెండోది 'ఇతరులు చెప్పారు'. ఒకరు రాసిన ఇళ్ళల్లో పదింటిని ఇంకొకరు మళ్ళీ తిరిగి సరిచూడాలని సంఘం నియమం. తప్పులు తక్కువున్నవాళ్ళకే ఫోన్ల గదిలో కుర్చీ. గుమాస్తా చీటీలు తీయిస్తే తోడికోడళ్ళకి ఒకరి ఫారాలు ఒకరికి వచ్చాయి.

పెద్దావిడ పది ఇళ్ళూ తిరిగింది. వెతికి వెతికి చూసినా ఒక్క తప్పు దొరకలేదు. మనసొప్పక ఏజెన్సీకి రెండు రోజులు సెలవు పెట్టి, మిగిలిన ముప్ఫై రెండు ఇళ్ళూ కాళ్ళరిగేలా తిరిగింది. ఏ తలుపు తట్టినా "పార్లరమ్మాయి రాలేదా?" అన్న మాటే ఎదురైంది. చిట్టచివరి ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడు. పార్లరమ్మాయి వచ్చినప్పుడు నాన్న లోపలి గదిలో ఉన్నాడనీ, ఆమె ఆయన దగ్గు విని వెళ్ళిపోయిందనీ కూతురు చెప్పింది. ఫారంలో మాత్రం 'చూశాను' గడిలో టిక్కుంది. పెద్దావిడకి ప్రాణం లేచొచ్చింది. లోపలికి వెళ్ళి ముసలాయన్ని కళ్ళారా చూసి, ఆ తప్పు తనిఖీ కాగితం మీద రాసి, కింద ఎర్రసిరాతో రెండు గీతలు గీసింది.

మర్నాడు పొద్దున వంటింట్లో కూర తరుగుతూ చిన్నది కత్తిపీట పక్కకి జరిపింది.

"అక్కా, మీ ఫారంలో ఒక తప్పు దొరికితే రాశాను. ఆ మూడో అంతస్తు ఇల్లుందే, మీరు కిందినుంచే పిలిచారట. మీకు చెయ్యూపింది జాబితాలో ఉన్నావిడ కాదు, వాళ్ళ చెల్లెలు. అందరి ముందూ వింటే బాధపడతారని ముందే చెబుతున్నా."

నిజమే, మోకాళ్ళ నొప్పులకి జడిసి ఆ రోజు మెట్లెక్కలేదు. నీదీ రాశానని ఒక్క మాట అనేస్తే సరిపోయేది.  అయినా పెద్దావిడ 'సర్లే' అనేసి బియ్యం కడగడానికి లేచింది.

ఆ సాయంత్రం మీటింగులో గుమాస్తా రెండు కాగితాలూ చదివాడు. తను దగ్గు విన్నదే కానీ మనిషిని చూడలేదని చిన్నది వెంటనే ఒప్పేసుకుంది. ఇద్దరిదీ చెరొక తప్పు కాబట్టి, అనుభవం చూసి కుర్చీ పెద్దావిడకిచ్చారు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది చిన్నదే.

తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. మూడు స్టాపులు దాటాక పెద్దావిడ గొంతు సవరించుకుంది.

"నా కాగితం సంగతి నీకు ముందే చెప్పాల్సింది."

"నాకు తెలుసక్కా. పదిళ్ళు చూస్తే చాలు కదా, మీరు నలభై రెండూ తిరిగారట. నిన్నట్నుంచీ పార్లరుకొచ్చిన వాళ్ళందరూ ఇదే చెబుతున్నారు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉందేమోనని పెద్దావిడ చెవులు రిక్కించి వెతికింది. మచ్చుకైనా లేదు. అంటే అంతా తెలిసే పొద్దున వంటింట్లో ఆ మాట చెప్పింది. తెలిసే చప్పట్లు కొట్టింది. పదకొండేళ్ళుగా కావాలనుకున్న కుర్చీ తనదైంది. అయినా ఆ పిల్లని చూసి ఇంతగా కుళ్ళుకోవడం మాత్రం ఇదే మొదలు.