అన్నయ్యకి ఒక చిన్న రేడియో

కెనడాలోని వాటర్లూలో మా వంటింటి బల్ల మీద ఒక ఖాళీ రేడియో పెట్టె చాలా రోజులుగా పడి ఉంది. పారేద్దామని తీసినప్పుడల్లా ఎందుకో మూత తెరుస్తాను, కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకి తగులుతుంది, మళ్ళీ అక్కడే పెట్టేస్తాను. నాకు తెలిసిన రేడియో వాసన ఇది కాదు. మా చిన్నప్పటి ట్రాన్సిస్టర్‌కి చిల్లులు చిల్లుల తోలు తొడుగు ఉండేది. దానికి నాన్న చేతి చెమటా, అన్నయ్య తలకి రాసుకున్న కొబ్బరినూనే, వానాకాలపు బూజూ అన్నీ కలిసి పట్టేసి, చెవి దగ్గర పెట్టుకుంటే వార్తల కంటే ముందు ఆ వాసనే లోపలికి వెళ్ళేది. ఈ కొత్త రేడియో ఇప్పుడు విన్నిపెగ్‌లో అన్నయ్య దగ్గరుంది.

అన్నయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్ద. విన్నిపెగ్‌లో వంతెనలు కట్టించి రిటైరైన ఇంజినీరు. సుగరు ముందు కళ్ళు తినేసింది, తర్వాత మూత్రపిండాల మీద పడింది. వారానికి మూడుసార్లు వ్యాను వచ్చి డయాలసిస్‌కి తీసుకెళ్తుంది. మొన్న వేసవిలో వదిన ఫోన్ చేసి, "మీ అన్నయ్య ఇంక వెళ్ళనంటున్నారు చిట్టీ. మానేస్తే ఏమవుతుందో ఆయనకీ తెలుసు. నువ్వేదో ఒకటి చెయ్యమ్మా, నీ మాటైతే వింటారు" అంది. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య నా మాట విన్న పాపాన పోలేదు, ఆ సంగతి వదినకి తెలియదు పాపం. అయినా అడిగాను. "నొప్పిదేముందే, ఓర్చుకోవచ్చు. ఆ వ్యానులో పోవడం, రావడం, ఆ కుర్చీలో పూటంతా పడుకోవడం. గోడకేసి చూద్దామన్నా నాకు గోడ కనపడదు" అన్నాడు. అందుకే రేడియో కొనాలని నిశ్చయించుకున్నాను.

మా నాన్న కాలువల శాఖలో ఓవర్సీరు. కృష్ణా కాలువ మీద లాకులున్న చోట, గట్టుకి ఆనుకుని పెంకుటి క్వార్టర్సులో ఉండేవాళ్ళం. లాకు తలుపుల సందుల్లోంచి నీళ్ళు దూకే హోరు పగలూ రాత్రీ చెవుల్లో ఉండేది కాబట్టి మా ఇంట్లో అందరిదీ పెద్ద గొంతే, రేడియోతో సహా. నాన్న పొద్దున్నే చద్దన్నం తిని, ట్రాన్సిస్టర్‌ని సైకిల్ హ్యాండిల్‌కి తగిలించుకుని, గట్టు వెంబడి తుమ్మచెట్ల నీడల్లో బయలుదేరితే, చేలో ఊద గడ్డి పీకే ఆడవాళ్ళూ పడవల మీద వరిగడ్డి వేసుకుపోయే సరంగులూ "ఓవర్సీరు గారూ, వార్తలేంటండీ" అని కేకేసేవాళ్ళు. ఆయన దిగేవారు కాదు, రేడియో గొంతు పెంచేవారు. సెలవు రోజుల్లో వెనక క్యారియర్ మీద అన్నయ్య, ముందు కడ్డీ మీద నేను. నా చెవి పక్కనే రేడియో, గతుకు వచ్చినప్పుడల్లా పాట కాస్త తెగి మళ్ళీ అందుకునేది. అలా తెగిన పాటలు తెగినట్టుగానే నాకు కంఠతా వచ్చాయి, ఇప్పటికీ వాటిని పూర్తిగా వింటే ఏదో తప్పు పాడుతున్నట్టుంటుంది.

వేసవిలో కాలువ కట్టేసేవారు. బురదలో మిగిలిన చేపల కోసం ఊరంతా దిగేది, గట్టు మీద ఎండు నాచు వాసన, మా పెరట్లో అమ్మ పాత చీరల మీద గుమ్మడి వడియాలూ సగ్గుబియ్యం వడియాలూ చల్లమిరపకాయలూ. ఆ చీర అంచున, వడియాలతో పాటు, మా రేడియో బ్యాటరీలు కూడా ఎండేవి. నీరసపడ్డ బ్యాటరీకి ఎండ పెడితే ఇంకో రెండు రోజులు పలుకుతుందని అప్పుడు అందరి నమ్మకం. కాకులు తోలే పని నాదీ అన్నయ్యదీ. కాకి బ్యాటరీ ఎత్తుకుపోతుందా అని నేనంటే, వార్తలు వినే కాకులుంటాయి, నీకు తెలీదు అనేవాడు. నేను నమ్మి, వడియాలొదిలేసి బ్యాటరీలకి కాపలా కాసేదాన్ని. వడియాలు కాకుల పాలయ్యాయని ఇద్దరికీ వీపు మీద వడ్డన అయ్యేది.

ఒకసారి బ్యాటరీలు లోపలే కారిపోయి, తెల్లగా పచ్చగా ఏదో పూసి, రేడియో నెల్లాళ్ళు మూగబోయింది. నాన్న ఎవర్నీ ఏమీ అనలేదు, అన్నం మాత్రం సరిగ్గా తినలేదు. ఆ తర్వాత మా ఇంట్లో ఒక శాసనం పుట్టింది: వినడం అవగానే బ్యాటరీలు తీసెయ్యాలి. ఆ పని అన్నయ్యది. బొటనవేలి గోటితో వెనక మూత ఊడదీసి, బ్యాటరీలు చొక్కాకి తుడిచి, బిస్కెట్ల డబ్బాలో వేసేవాడు. మళ్ళీ వినాలంటే మళ్ళీ ఎక్కించడం. స్టేషన్ పట్టడం కూడా వాడే. అంకెల వైపు చూసేవాడు కాదు. చక్రం మీద వేలు ఆనించి, ఎటో చూస్తూ, నాతో మాట్లాడుతూనే సరిగ్గా బెజవాడ దగ్గర ఆపేవాడు. దసరాకి నాన్న సైకిల్‌తో పాటు రేడియోకి కూడా కుంకుమబొట్టు పెడితే, అన్నయ్య వేలు తగిలి తగిలి ఆ బొట్టు నాలుగు రోజుల్లో చెరిగిపోయేది.

నాకు బాగా గుర్తున్నది ఒక కార్తీకం ముసురు. తుఫాను వస్తుందన్నారు. నాన్న గట్టు చూడడానికి వెళ్ళి మధ్యాహ్నమైనా రాలేదు. అమ్మ వీధిగుమ్మంలో నిలబడింది, పొయ్యి మీద పప్పు అడుగంటింది, నేను ఏడుపు మొదలెట్టాను. అన్నయ్య రేడియో చెవికి ఆనించుకుని, "ఉండవే, చెప్తున్నారు... తుఫాను ఒంగోలు దాటి పోయిందట. మన గట్లకి ఏం భయం లేదట. ఓవర్సీర్లందరూ ఇళ్ళకి బయలుదేరారట" అన్నాడు. ఓవర్సీర్ల సంగతి కూడా చెప్తున్నారంటే రేడియో ఎంత మంచిదో అనుకుని, ఏడుపు ఆపి, అడుగంటిన పప్పుతోనే అన్నం తిన్నాను. నాన్న దీపాల వేళకి తడిసి ముద్దై వచ్చారు. ఆయన తల తుడుచుకోవడానికి గుడ్డ కోసం నేను అలమర తెరిస్తే బిస్కెట్ల డబ్బాలో బ్యాటరీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. పదకొండేళ్ళవాడు ఖాళీ రేడియోలోంచి నాకు వార్తలు చదివి వినిపించాడు. అలాంటి మాట ఒకటి ఇప్పుడు వాడికి చెబుదామంటే నాకు చేతకావడం లేదు.

చేతనైంది రేడియో కొనడం ఒక్కటే. అది కూడా సులువు కాలేదు. ఫోన్ కొనిద్దామా అంటే అద్దం మీద వేలు ఎక్కడ పెట్టాలో కళ్ళుంటేనే తెలుస్తుంది. నోటితో చెబితే వింటుందన్న ఫోన్ మా అన్నయ్య ఇంగ్లీషుకి ప్రతిసారీ "సారీ" అంటుంది. కుర్చీలో ఉన్నంతసేపూ ఒక చెయ్యి సూదులకి అప్పజెప్పాలి, కదపకూడదు. కాబట్టి చిన్నది కావాలి, జేబులో పట్టాలి, ఒంటి చేత్తో, చూడకుండా నడవాలి. మా అమ్మాయి "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ రేడియో" అంది. జస్ట్ ఎ రేడియో కోసం నేను దుకాణాల చుట్టూ తిరిగాను. ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని కళ్ళు మూసుకుని తడిమేదాన్ని. నడవలో నిలబడి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్న చీరకట్టు మనిషిని చూసి, దుకాణంలో పనిచేసే అమ్మాయి, ఒంట్లో బాగాలేదా, కుర్చీ తేనా అని అడిగింది. ఇవన్నీ డిజిటల్ అట. ఒకే మీటని కాసేపు నొక్కితే ఒకటి, రెండుసార్లు నొక్కితే ఇంకొకటి, ఏది జరిగిందో తెరమీద రాస్తుంది. తెర చదవలేని మనిషికి అది రేడియో కాదు, పొడుపుకథ.

మొదట కొన్నదానికి ఆన్ చేయగానే ఏ దేశం, ఏ భాష అని ప్రశ్నలు. తిరిగిచ్చేశాను. రెండోదానికి ఎఫ్‌ఎం తప్ప ఏఎం లేదు; అన్నయ్యకి ఏఎంలో గోధుమల ధరలూ వాతావరణమూ వినడం ఇష్టం, పొలాలు లేకపోయినా పొలం కబుర్లు కావాలి. అదీ తిరిగిచ్చేశాను. మూడోదానికి పక్కన చిన్న చక్రం ఉంది, తిప్పితే వేలికి టిక్కు టిక్కుమని తెలుస్తుంది. స్టేషన్లు ముందే నింపి పెట్టుకోవచ్చు. విన్నిపెగ్ స్టేషన్ల అంకెలు వదినని అడిగి ఒక్కో మీటకీ ఒక్కోటి నింపాను. మీటలన్నీ నున్నగా ఒకేలా ఉన్నాయని నా బొట్టుబిళ్ళల అట్ట తీసి, ఆన్ మీట మీద రాయి ఉన్న బిళ్ళా, గోధుమల స్టేషన్ మీద పొడుగు బిళ్ళా అంటించాను. కళ్ళు మూసుకుని తడిమి చూసుకుంటే దొరికాయి. ఆ పూట నాకు నిజంగా ఆశ పుట్టింది, అన్నయ్య బతుకుతాడనిపించింది.

పార్సిల్ అందిందని, బొట్లు పెట్టి పంపావేమిటే పెళ్ళికూతురిలా అని అన్నయ్య నవ్వాడు. తర్వాత కొన్నాళ్ళకి, "నువ్వు పెట్టిన స్టేషన్లు ఇందులో లేవే. నొక్కితే గుర్రుమంటోంది. ఒక్కోసారి ఎక్కడో హాకీ" అన్నాడు. వదిన మళ్ళీ నింపింది, మళ్ళీ పోయాయి. రేడియోది తప్పని దుకాణం వాళ్ళకి ఫోన్ చేసి గట్టిగా మాట్లాడాను కూడా. ఆకులు రాలే రోజుల్లో ఇక ఉండబట్టలేక విన్నిపెగ్ వెళ్ళాను. ఆ రోజు వ్యానులో అన్నయ్య పక్కన నేనూ కూర్చుని వెళ్ళాను, కుర్చీ పక్కన కూర్చున్నాను, తిరిగి వచ్చాను. ఇంటికి రాగానే సోఫాలో కూలబడి, రేడియో జేబులోంచి తీసి, బొటనవేలి గోటితో వెనక మూత ఊడదీసి, బ్యాటరీలు రెండూ చొక్కాకి తుడుస్తున్నాడు.

"అవెందుకు తీస్తున్నావన్నయ్యా?"

"కారిపోవూ?" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

నాకు నవ్వు వచ్చింది, ఆగలేదు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. కనపడకపోయినా వాడికి సంగతి అర్థమై వాడూ నవ్వాడు. ఇప్పటివి అంత త్వరగా కారవని, తీసేస్తే ఈ డిజిటల్ రేడియో తనకి నేర్పిందంతా మరిచిపోతుందని, అలాగే ఉంచేస్తే నెలల తరబడి వస్తాయని చెప్పాను.

"అన్ని నెలలు నాకెందుకే" అన్నాడు.

బ్యాటరీలు ఇంకా అరచేతిలోనే ఉన్నాయి. "రేడియో బాగుంది చిట్టీ. నిజంగానే బాగుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. మొన్న డాక్టరుతో చెప్పేశాను, చలి ముదిరేలోగా ఆపేస్తానని. వాళ్ళు ఒప్పుకున్నారు. మీ వదినకి నువ్వు చెప్పాలి. నా వల్ల కావడం లేదు."

వద్దన్నాను. బతిమాలాను. నువ్వు లేకపోతే నేనేమైపోవాలి అని, అరవై దాటిన మనిషిని, చిన్నపిల్లలా అడిగాను. నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు గానీ, మాట మార్చుకోలేదు. వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్న వదిన దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే, "రేడియో వచ్చాక కొన్నాళ్ళు ఆ మాట ఎత్తలేదు చిట్టీ. మానుకున్నారేమో అనుకున్నాను" అంది. ఇద్దరం కూర్చుని ఆ చిక్కుడుకాయలన్నీ ఒలిచాం.

మా లాకులకి ఇప్పుడు మోటార్లు పెట్టారట, కాలువలో పడవలు లేవు, క్వార్టర్సు కూల్చి ఏదో గోడౌను కట్టారని ఎవరో చెప్పారు. బ్యాటరీలు ఎండబెట్టేవాళ్ళు ఎక్కడా లేరు. అవి పోయినందుకు నాకు పెద్ద దిగుల్లేదు, పోయేవి పోతాయి. కానీ ఆ నీళ్ళ హోరులో ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటూ అన్నం తిన్న నలుగురిలో ఇప్పుడు మిగిలింది అన్నయ్యా నేనూ. వాడు కూడా వెళ్ళిపోతే, ఇది ఇలా జరిగింది కదూ అని అడగడానికి నాకు భూమ్మీద మనిషుండడు.

పోయిన సోమవారం నుంచి అన్నయ్య డయాలసిస్‌కి వెళ్ళడం లేదు. మగతగా ఉంటున్నాడని, మెలకువ వచ్చినప్పుడు బాగానే మాట్లాడుతున్నాడని వదిన చెప్పింది. ఇవాళ పొద్దున్న ఫోన్ చెవి దగ్గర పెట్టించి, వస్తున్నాను, ఏం తెమ్మంటావు అని అడిగాను. "ఏమీ వద్దు. తొందరగా రా" అన్నాడు. ఇవాళ్టి విమానాల్లో సీట్లు లేవన్నారు. రేపటిది దొరికింది.