సన్మాన పత్రంలో నా పొడుగు ఇంగ్లీషు

తను రాసిన కాగితం తనకే అర్థంకాక, నిండు సభలో మైకు పట్టుకుని వణికిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే విచారించకండి, ఇదిగో నేనున్నాను. నా పరువు గణపవరం దగ్గర ఒక బడిలో, మిట్టమధ్యాహ్నం, షామియానా కింద పోయింది. ఇవాళ్టిదాకా దొరకలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఇంగ్లీషు మాస్టారుగా కొత్త ఉద్యోగం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు గానీ, కొత్త ఇంగ్లీషు మాస్టారు పొద్దుతో పాటు అర్థం కూడా ఎరగడు. నాకు మాట పొడుగ్గా ఉంటే చాలు. ‘ఇన్‌డిఫాటిగబుల్’ అన్నాననుకోండి, నోట్లో కొబ్బరి లౌజు వేసుకున్నట్టుండేది. సాయంత్రాలు చేపల చెరువు గట్టు మీద నడుస్తూ ‘మాగ్నానిమస్, మాగ్నానిమస్’ అని ఒక్కణ్ణే అనుకునేవాణ్ణి. కొంగలు భయపడి లేచిపోయేవి.

ఆ ఏడు మా అటెండరు దేవదానంగారు రిటైరవుతున్నారు. ముప్పై మూడేళ్ళు బడి గంట కొట్టిన మనిషి. తెలుగు మాస్టారు జ్వరంతో పడుకోవడంతో సన్మాన పత్రం రాసే పని నా నెత్తిన పడింది. నేనేమో దాన్ని ఇంగ్లీషులో రాసి పట్టుకొచ్చాను.

హెడ్మాస్టారు కాగితం చూసి కళ్ళజోడు సర్దుకున్నారు. “ఏవండీ మాస్టారూ, ఇది మన దేవదానానికి అర్థమవుతుందంటారా?”

“అర్థంకాకపోతేనే గౌరవమండీ,” అన్నాను. ఎంత పొగరో చూడండి!

సభ రోజున దేవదానంగారి భార్య మరియమ్మగారు గుండుగొలను నుంచి చుట్టాలందర్నీ ఆటోలో వేసుకొచ్చి ముందు వరుసలో కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని అందుకున్నాను. ప్రతి పొడుగు మాట తర్వాతా ఊపిరి కోసం ఆగాల్సివచ్చేది. ఆగినప్పుడల్లా పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. దాంతో నేను ఉబ్బిపోయి తర్వాతి మాటని ఇంకాస్త సాగదీసేవాణ్ణి.

చదవడం అయ్యాక మరియమ్మగారు లేచి నిలబడ్డారు.

“బాబూ, మీరు చల్లగా ఉండాలి. అందులో ఏముందో ఓ ముక్క తెలుగులో చెప్తారా? ముప్పై మూడేళ్ళూ తెల్లారకుండానే ఇల్లొదిలి ఇక్కడికొచ్చేసేవారండీ ఈయన. ఇక్కడేం చేశారో ఇవాళైనా విందామని వచ్చానండీ.”

ఆ మాటల అర్థాలు నాకు గుర్తుంటేగా! అవన్నీ ఫోన్లో ఉన్నాయి. ఫోనేమో హెడ్మాస్టారి చేతిలో ఉండి నన్నే వీడియో తీస్తోంది.

“అంటే… మంచివారని రాశానండీ.”

“ఆ తర్వాత?”

“చాలా మంచివారనండీ.”

“అంత పెద్ద కాగితానికి అంతేనా బాబూ?”

ఆవిడ మొహం చిన్నబోయింది. చుట్టాలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నవ్వులాటకి చెప్పడం లేదు, నాకు నిజంగానే సిగ్గేసింది. మొగుడి గొప్పతనం నలుగురిలో వినడానికి ఆవిడకున్నది ఆ ఒక్కరోజే, దాన్ని నేను పాడుచేశాను.

అప్పుడు దేవదానంగారు మెడలో దండతోనే లేచి వచ్చి నా చేతిలోంచి కాగితం తీసుకున్నారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వేలితో చూపిస్తూ చదవడం మొదలెట్టారు.

“ఇక్కడేం రాశారంటేనండీ… తుఫానుకి రోడ్డు మునిగిపోతే మొలలోతు నీళ్ళలో నడిచొచ్చి గంట కొట్టాడని రాశారు. ఈ కింది లైన్లో, అన్నం తెచ్చుకోని పిల్లలకి తన క్యారేజీ పెట్టేసేవాడని రాశారు.” వేలు చివరి లైను మీదకి జరిగింది. “ఆఖర్న, అడక్కుండానే ఆ క్యారేజీ ఇద్దరికి సరిపడా కట్టింది మరియమ్మ అని రాశారండీ.”

మరియమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూనే నవ్వేశారు. షామియానా ఎగిరిపోతుందేమో అన్నంతగా చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, నోరు వెళ్ళబెట్టుకుని.

సభయ్యాక ఆయన్ని పక్కకి పిలిచి, “మీకింత ఇంగ్లీషు వచ్చని ఎప్పుడూ చెప్పలేదేంటండీ?” అన్నాను.

“అయ్యో, నాకెక్కడొచ్చండీ బాబూ!” అన్నారాయన ఎంతో మెత్తగా. “మీకూ రాదని తేలిపోయాకే ధైర్యంగా లేచానండీ.”

అందుచేత, మహాజనులారా, మీ అందరి సాక్షిగా శపథం చేస్తున్నాను. ఒంట్లో ఊపిరుండగా, ఎవరి భార్య అయినా ముందు వరుసలో కూర్చున్న సభలో పొడుగు ఇంగ్లీషు మాట ఎత్తను. ఇది నా ‘ఇర్రెవొకబుల్’ ప్రతిజ్ఞ. అంటే ఏమిటని మాత్రం ఇప్పుడే అడక్కండి, ఫోను ఛార్జింగులో ఉంది.