బాలింతల వార్డు కిటికీలు

నేను ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ కాజేయలేదు. ఒకే ఒక్క అబద్ధం చెప్పాను, అదీ అడిగినవాడికి జవాబుగా. ఆ మాట ఇన్నేళ్లుగా నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. మింగలేను, కక్కలేను. నా భార్యకు కూడా చెప్పలేదు. ఆమెకైతే అసలే చెప్పలేను, ఎందుకో ముందుకు చదివితే మీకే తెలుస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. కాబట్టి మీకైతే చెప్పగలననిపిస్తోంది.

కిటికీ అద్దాలకు ఎండ ఆపే ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించడం నా పని. మాది నల్లగొండ జిల్లా, రామన్నపేట వైపు. బతుకుదెరువుకు మహబూబ్‌నగర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాను. మొదట్లో ఒక సేటు షాపులో కార్లకు నల్ల ఫిల్మ్ వేసేవాళ్లం. పోలీసులు కార్లు ఆపి దాన్ని పీకించడం మొదలుపెట్టాక ఆ పని పడిపోయింది. ఇక మూటాముల్లె సర్దుకోవాల్సిందే అనుకుంటుంటే తెలంగాణ రాష్ట్రం వచ్చింది, ఊరు పెరిగింది. బ్యాంకులు, షోరూములు, ప్రైవేటు దవాఖానలు అన్నీ అద్దాల గోడలతో లేచాయి. పాలమూరు ఎండలో ఆ అద్దాల వెనక కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే. మా సేటు షాపుకు మళ్లీ గిరాకీ వచ్చింది. నాకూ మంచి పేరు వచ్చింది. ఫిల్మ్ పని అంటే నన్నే పిలిచేవారు.

అప్పుడే యాదగిరి వచ్చాడు.

కేతేపల్లి మనిషి. అక్కను మహబూబ్‌నగర్‌లో ఇచ్చారు, ఆమె ఇంట్లో ఉంటూ పని వెతుక్కుంటున్నాడు. మా నల్లగొండ జిల్లావాడు కదా అని నేనే సేటుకు చెప్పి పెట్టించాను. పని నేర్పిందీ నేనే. అద్దాన్ని ఎలా కడగాలి, షాంపూ నీళ్లు ఎంత చల్లాలి, రబ్బరు పట్టీతో నీటిని నడిమి నుంచి అంచులకు ఎలా తోలాలి, అన్నీ. ఒక్క ఎండాకాలం గడిచేసరికి వాడు నన్ను దాటిపోయాడు.

ఈ మాట రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు, చూశారా! కానీ నిజం. నేను వేసిన ఫిల్మ్‌లో ఎక్కడో ఒక మూల చిన్న బుడగ ఉండేది. వాడి పనిలో ఉండేది కాదు. పని అయ్యాక గోటితో అద్దం మీద టక్‌మని కొట్టి, "సూస్కోండ్రి సారూ, ఒక్క బుడగ దొరికితే నా పేరు మార్చుకుంట" అనేవాడు. పొగరు. ఆ పొగరు చూసి జనం మురిసిపోయేవారు. ఒకసారి నేను నిచ్చెన మోసుకుని ఒక బ్యాంకుకు వెళితే మేనేజరు నా వెనక వైపు తొంగి చూసి, "ఆ యాదగిరి రాలేదా?" అన్నాడు. ఆ రోజు పనంతా పళ్లు నూరుకుంటూ చేశాను. బుడగలు ఇంకా ఎక్కువ వచ్చాయి.

దాన్నైనా తట్టుకునేవాణ్నేమో. మా ఇంట్లో పడమటి వైపు ఒక కిటికీ ఉంది. మధ్యాహ్నం దాటితే ఆ గదిలో నిలబడలేం. దానికి ఫిల్మ్ వేస్తానని నా భార్యకు ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను. ఊరందరి కిటికీలకూ తీరింది, మా కిటికీకి తీరలేదు. ఒక ఆదివారం నేను బజారుకు వెళ్లి వచ్చేసరికి యాదగిరి మిగులు ముక్కలు తెచ్చి అంటించేసి, చేతులు కడుక్కుంటున్నాడు. ముక్కలు అతికినట్టే తెలియదు. నా భార్య ఆ గదిలో నిలబడి, "ఎంత సల్లగైంది చూడు! నువ్వు చేసేదాక నేను ముసలిదాన్నయితుంటి" అని నవ్వింది. యాదగిరీ నవ్వాడు. నేనూ నవ్వాను. లోపల నాకు కడుపు మండిపోయింది. నా ఇంట్లో, నా కిటికీకి, నా పెళ్లాం ముందు. వాడేం తప్పు చేశాడు? నాకు పని తప్పించాడు, అంతే. కానీ అసూయకు తప్పొప్పులతో పనేముంటుంది?

ఆ తర్వాత ఒక కొత్త ప్రసూతి దవాఖాన కట్టారు. పేరు చెప్పను. ఆ పని కోసం డాక్టరమ్మ దగ్గరికి ముందు వెళ్లింది నేను. ఆమె అన్నీ విని, నన్ను పంపించేసి, పనిని యాదగిరికి ఇచ్చింది. షాపు ద్వారా కాదు, నేరుగా వాడికే. వాడి సొంతంగా దొరికిన మొదటి పని అది. అది బాగా జరిగితే షాపు పెట్టుకుంటానని ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

డాక్టరమ్మ అడిగింది మిర్రర్ ఫిల్మ్. బయటివాళ్లకు అద్దంలా ఉంటుంది, లోపలివాళ్లకు బయటంతా కనిపిస్తుంది. మా ఊళ్లో అప్పటికి అది కొత్త. నేను మాత్రం హైదరాబాదులో ఒక ఆఫీసుకు వేసి వచ్చాను. దాని గుట్టు అక్కడే తెలిసింది. వెలుతురు ఎటు ఎక్కువుంటే అటువాళ్లకే అది అద్దం. పగలు వెలుతురు బయట ఉంటుంది కాబట్టి లోపలివాళ్లు కనిపించరు. చీకటిపడి లోపల దీపాలు వేస్తే అంతా తిరగబడుతుంది. లోపలివాళ్లకు తమ ముఖాలే కనిపిస్తాయి, రోడ్డు మీదివాళ్లకు గదంతా కనిపిస్తుంది.

యాదగిరి ఆ ఫిల్మ్ ముక్క ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ పడమటి కిటికీ కిందే కూర్చున్నాడు. నా భార్య వంటింట్లో వాడి కోసం చాయ్ పెడుతోంది.

"అన్నా, నువ్వు హైదరాబాద్ల ఏసినవ్ గద గిది. నాకు ఎరుక లేదు. బాలింతల వార్డుకు ఏస్తున్న, కింది అంతస్తు, రోడ్డు మీదికే ఉంటయి కిటికీలు. జర చెప్పు, పొద్దుగూకినంక గూడ బయటికి కనవడదు గద?"

నేను ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాను. అందులో నా ముఖం కనిపించింది. చెప్పొచ్చు. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? వంటింట్లోంచి నా భార్య, "యాదగిరీ, శక్కర ఎక్కువేయాల్నా?" అని అడిగింది. నన్ను ఎప్పుడూ అడగదు.

"ఎందుకు కనవడ్తది? పగలెట్లనో రాత్రి గట్లనే. ఫికర్ చేయకు, ఏసెయ్" అన్నాను.

వాడి ముఖం వెలిగిపోయింది. "నువ్వు చెప్పినంక ఇంకేంది" అని చాయ్ తాగి వెళ్లాడు. చీకటి పడేదాకా ఆగి ఒకసారి రోడ్డు మీద నిలబడి చూసుకున్నా వాడికి తెలిసిపోయేది. నన్ను అడిగాడు కదా, ఇక చూసుకోవడం ఎందుకనుకున్నాడు.

నేనేం అనుకున్నాను? డాక్టరమ్మ తిడుతుంది, ఫిల్మ్ పీకిస్తుంది, వాడి పొగరు దిగుతుంది, అంతే అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నానా? ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. ఒకటి మాత్రం ఖాయంగా చెప్పగలను. ఆ కిటికీల వెనక ఆడవాళ్లుంటారన్న సంగతి నాకు పట్టలేదు. నా కళ్లకు యాదగిరి తప్ప ఎవరూ ఆనలేదు.

దవాఖాన తెరిచిన కొద్దిరోజులకే అది బయటపడింది. ఒక బాలింత తమ్ముడు చీకటి పడ్డాక అక్కకు అన్నం డబ్బా తెచ్చాడు. రోడ్డు మీద ఆటో దిగితే, ఎదురుగా చాయ్ బండి దగ్గర మగవాళ్లంతా ఒకే వైపు చూస్తూ నిలబడ్డారు. ఏమిటా అని తనూ చూశాడు. లోపల అక్క బిడ్డకు పాలిస్తోంది. ఆమెకు అద్దంలో తన ముఖమే కనిపిస్తోంది కాబట్టి కొంగు కూడా సరిచేసుకోలేదు.

గొడవ తెలిసి నేను వెళ్లేసరికి యాదగిరిని పిలిపించారు. నేను చూస్తుండగానే చుట్టాలంతా కలిసి కొట్టడం మొదలుపెట్టారు. మొదటి దెబ్బ పడ్డప్పుడు నా లోపల ఏదో చల్లబడింది. ఈ ఒక్క ముక్క దాచేస్తే ఇదంతా రాసి లాభం లేదు, అందుకే రాస్తున్నాను. తర్వాత భయం వేసింది. ఆ తమ్ముడు వాడి గల్లా పట్టి, "ఎవడు చెప్పిండురా నీకు గిది ఎయ్యమని?" అని అరిచాడు.

యాదగిరి తలెత్తాడు. గుంపు వెనక ఉన్న నన్ను చూశాడు.

"ఎవ్వలు చెప్పలే. నాకే తెల్వలే" అన్నాడు.

నాకూ తెలియకే చెప్పాననుకుని కాపాడాడా? ఇంకొకరిని అడిగి వేశానని ఒప్పుకోవడానికి పొగరు అడ్డం వచ్చిందా? లేక అంతా అర్థమై, ఇక నాతో మాటే వద్దనుకున్నాడా? ఏదైనా కానివ్వండి. దెబ్బలు తింటూ నిలబడ్డవాడు, ఒక్క మాటతో మళ్లీ నన్ను దాటిపోయాడు. నాకు ఆ క్షణంలో కూడా వాడి మీద ఈర్ష్యే కలిగింది.

ఆ వారంలోనే కేతేపల్లి వెళ్లిపోయాడు. బావ వాళ్లింట్లో ముఖం చెల్లలేదట. కూలికి ట్రాక్టరు నడుపుతున్నాడని తర్వాత విన్నాను. మళ్లీ అద్దం ముట్టలేదట.

దవాఖానవాళ్లు కిటికీలు బాగుచేయడానికి ఎవరిని పిలిచారో చెప్పాలా? నన్నే. రాత్రయినా పగలైనా ఎటునుంచీ కనిపించని పాలరంగు ఫిల్మ్ వేయడానికి వెళ్లాను. కిటికీలన్నింటికీ చీరలు కట్టి ఉన్నాయి. ఆ బాలింత ఇంకా అక్కడే ఉంది, గోడ వైపు తిరిగి పడుకుంది. నేను పని ముగించి వస్తుంటే తల తిప్పకుండానే అడిగింది, "అన్నా, గిదన్న నిజం చెప్పు. కనవడ్తదా?"

కనబడదమ్మా అన్నాను. ఆ జవాబు నిజమే. కానీ ఆమె తన కిటికీకి ఆ చీరను మళ్లీ కట్టించుకుంది.

ఇప్పుడు పని చేసిన ప్రతి బిల్డింగు దగ్గరా చీకటి పడేదాకా రోడ్డు మీద నిలబడి, దీపాలు వేయించి చూసి గానీ వెళ్లను. ఎంత జాగ్రత్త అని జనం మెచ్చుకుంటారు. నా పనిలో బుడగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. వాడు మా కిటికీకి వేసిన ముక్కలు మాత్రం ఒక్క మూల కూడా లేవలేదు. ప్రతి ఎండాకాలం నా భార్య ఆ గదిలో చాప వేసుకుంటూ, "పాపం యాదగిరి. ఎంత మంచిగ ఏసిపోయిండు" అంటుంది. నేను ఆ నీడలోనే పడుకుంటాను. నాకు ఇప్పటికీ మండుతుంది.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. కేతేపల్లి మీదుగా బస్సులో ఎన్నిసార్లో వెళ్లాను, ఒక్కసారీ దిగలేదు. ఆ రోజు వాడు అడిగినదానికి నాకు తెలిసిన జవాబును మాత్రం ఇక్కడైనా చెప్పేస్తాను. ఇప్పటివరకు పైకి అనలేదు.

పొద్దుగూకి లోపట లైటేస్తే అంత కనవడ్తది తమ్మీ. గా ఫిల్మ్ ఎయ్యకు.