ఎడమకు తిరగని బండి

మా బాపు భుజానికి రోగమొచ్చిందని ఒక వానకాలమంతా ఇంటిల్లిపాదీ నమ్మాం. ఆకుపసరు కట్టు కట్టించాం, తైలం పట్టించాం, నల్లగొండ దవాఖానకు తిప్పాం. తీరా చూస్తే రోగం ట్రాక్టరుది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు కంటే ముందు ఒళ్లుమంటే వస్తుంది.

ఆ ట్రాక్టరు వయసులో నాకన్నా పెద్దది. కొన్న నాటి నుంచి దాని స్టీరింగును బాపు తప్ప మరొకరు ముట్టింది లేదు. మా ఆయన కొత్తల్లుడుగా ఉన్నప్పుడు ముచ్చటపడి సీటెక్కితే, అల్లుడని కూడా చూడకుండా "దిగు" అన్నాడు. నన్ను ఇచ్చింది ఊళ్లోనే కాబట్టి అత్తగారింటికీ అమ్మగారింటికీ మధ్య రెండే సందులు. ఒక ఇంట్లో కూర మాడితే వాసన రెండో ఇంటికి తెలుస్తుంది. అయినా బాపు కష్టం మాత్రం చాలా రోజులు ఎవరికీ తెలియలేదు.

తెలంగాణ వచ్చాక రెండో ఏడో, మూడో ఏడో. దుక్కుల కాలం. బండి కుడికి ఎట్లాగో తిరుగుతోంది, ఎడమకు మాత్రం మొరాయిస్తోంది. బాపు ఎవరితోనూ అనలేదు. ఎడమకు తిరగడమే మానేశాడు. చెలకలో సాళ్లన్నీ జిలేబీ చుట్టలయ్యాయి. చేను నుంచి ఇంటికొచ్చేటప్పుడు హనుమాండ్ల గుడి దగ్గర ఎడమకు మళ్లాలి. బాపు అక్కడ కుడికి మళ్లి, మళ్లీ కుడికి, ఇంకోసారి కుడికి, గుడిని చుట్టి వచ్చి మా వీధిలో పడేవాడు.

ఊరు ఊరుకుంటుందా? "ఏం మొక్కినవే, రోజూ బండితోని ప్రదక్షిణం జేస్తున్నవ్?" అని గుడి అరుగు మీద వాళ్లు అడిగారు. "ఉన్నది తియ్, ఓ మొక్కు" అన్నాడు బాపు. రెట్టలో, అంటే భుజంలో, సత్తువ తగ్గిందని ఒప్పుకోవడం కన్నా దేవుడి మీదికి నెట్టడం సులువు. దాంతో జనం తమ కొబ్బరికాయలు కూడా తెచ్చి ట్రాలీలో పెట్టడం మొదలుపెట్టారు. "మాది గూడ ఓ సుట్టు తిప్పక రాయే" అనేవారు. ఒకావిడ తన్నే బర్రె పలుపు తెచ్చి వేసింది. బర్రె తన్నడం మానిందని తర్వాత ఆమే ఊరంతా చెప్పింది.

చివరికి ఒకరోజు బాపు ఇంటికొచ్చి మంచం మీద కూలబడ్డాడు. "రెట్ట పోయిందే" అన్నాడు అమ్మతో. ఇక చూడండి మా అమ్మ హడావుడి. కోడిగుడ్డు, ఏవో ఆకులు నూరి కట్టు కట్టే ఆయన్ని పిలిపించింది. ఆ వాసనకు కుక్క కూడా గుమ్మం దిగి వెళ్లిపోయింది. దవాఖానలో ఫొటో తీసి, ఎముక మంచిగుంది, వయసు మీద పడింది అన్నారు. బండిని కూడా ఒకసారి చూపిద్దామని నేనంటే అమ్మ నా మీద లేచింది.

"బండికేం రోగం? అమాస అమాసకు పసుపు కుంకుమ పెడుతున్న."

వయసు అన్న మాటను బాపు దవాఖాన నుంచి ఇంటికి మోసుకొచ్చాడు. అప్పటి నుంచి చాయ్ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకునేవాడు. నా బిడ్డ ఎత్తుకొమ్మని చేతులు చాపితే, "తాతకు శాతనైతలేదు" అనేవాడు. ఒక పొద్దున అందరి ముందూ తేల్చేశాడు. "ఇగ నాతోటి కాదు. బండి ఇచ్చేద్దాం. కేతేపల్లి ఆయన అడుగుతాండు." బండి లేకుండా బాపు ఆ మంచం మీద ఎట్లా ఉంటాడో నా కళ్లకు కట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు వెంటనే కోపమొస్తుంది.

కేతేపల్లి ఆయన వచ్చే రోజు బండిని కడగాలి. కొట్టంలో అది ఎప్పుడూ కుడి చక్రం గోడకు ఆనుకునేట్టే నిలబడుతుంది. బాపుకు కట్టు ఉంది కాబట్టి, చిన్నప్పటి నుంచి మడ్‌గార్డు మీద కూర్చుని చూసిన ధైర్యంతో నేనే సీటెక్కాను. వాకిట్లోకి తెచ్చి ఎడమకు తిప్పబోతే స్టీరింగు కదలదు. పళ్లు బిగబట్టి లాగాను, భుజం కలుక్కుమంది. "అమ్మా!" అని అరిచాను. అమ్మ పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టి చూసి నుదురు కొట్టుకుంది.

"నీకు గూడ బాపు రోగమే వచ్చిందే! మీ వంశంలనే ఉన్నట్టున్నది."

నన్ను కూర్చోబెట్టి తైలం రాస్తుండగానే కేతేపల్లి ఆయన దిగాడు. దున్నపోతులాంటి మనిషి. బండి చుట్టూ తిరిగి చూసి, ఎక్కి, నడిపాడు. కుడికి తిరిగింది. ఎడమకు తిప్పబోయి మెడ నరాలు తేలేదాకా గుంజాడు. "అన్నా, రెట్ట పట్టుకున్నదే" అంటూ దిగాడు. అమ్మ తైలం సీసాతో ఎదురెళ్లింది.

"అయ్యో తమ్మీ, నీకు గూడనా? అంగీ ఇప్పు, జర రాస్త."

ఆయన నిజంగానే గుండీలు విప్పడం మొదలుపెట్టాడు. ఇక నావల్ల కాలేదు. "ముగ్గురికి ఒక్కటే రెట్ట రోగమా? మనుషులకు రాసుడు బందు జేసి ఆ చక్రానికి జాకీ పెట్టుండ్రి!"

"బండిని అనకు బిడ్డా" అన్నాడు బాపు.

"బండినే అంట. బండికి రోగమంటే నీ ఇజ్జత్ పోతది. నీకు రోగమంటే పోదా?"

బాపు లేచొచ్చి చక్రం మీద చెయ్యి వేశాడు. "మేస్త్రికి ఫోన్ జెయ్యి" అన్నాడు.

ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రి పానగల్ నుంచి వచ్చాడు. ముందరి ఇరుసుకు జాకీ పెట్టి లేపాడు. స్టీరింగుకూ చక్రాలకూ మధ్య రాడ్లు విప్పేశాడు. కుడి చక్రాన్ని వేలితో నెడితే అటూ ఇటూ ఊగింది. ఎడమ చక్రాన్ని కాలితో తన్నితే కుడికి కాస్త జరిగింది గానీ, నడిమి దాటి ఎడమకు ఉలకలేదు. చక్రం పక్కకు తిరగాలంటే ఇరుసు కొసలో ఒక నిలువు పిన్ను తిరగాలి, అది లోపల ఎండి తుప్పుతో పట్టేసింది అన్నాడు.

బాపుకు పౌరుషమొచ్చింది. "ఎట్ల ఎండుతది? నా చేతులతోని గ్రీసు కొడుతున్న. పొంగి బయటికి వచ్చేదాంక కొడుత."

మేస్త్రి ఆ పిన్ను దగ్గర గ్రీసు ఎక్కించే చిన్న బొడిపెను స్క్రూడ్రైవరుతో గీకాడు. ఎర్ర రంగు ఊడింది. దాని కింద పసుపు, దాని కింద కుంకుమ, మళ్లీ రంగు, మళ్లీ పసుపు. ఏటా దసరాకు బాపు రంగు వేసేవాడు, అమ్మ బొట్టు పెట్టేది. అన్నీ పొరలుపొరలుగా గట్టిపడి, బొడిపె రంధ్రం ఎప్పుడో మూసుకుపోయింది. బాపు కొట్టిన గ్రీసంతా లోపలికి పోక బయటికే పొంగింది. కడుపు నిండిందనుకుని ఆయన తుడిచేసేవాడు.

"గీడ బొట్టు ఎవరు పెట్టిన్రు పెద్దమ్మా?"

"నేనే. ముక్కుపుల్ల లెక్క ముంగటికి ఉన్నది, ఇంకెక్కడ పెట్టాలె?" అంది అమ్మ, తగ్గకుండా. "మరి కుడిదానికేం గాలే గదా!"

"కొట్టంల కుడిది గోడకు ఉంటది, నీ చెయ్యి అందలే. అందుకే బతికింది" అన్నాను నేను.

పిన్నుకు డీజిలు పోసి నానబెట్టి, గ్యాసు మంట పెట్టి, సుత్తితో కొడితే చాలాసేపటికి ఊడొచ్చింది. కొత్త పిన్నూ, బుష్షూ వేసి, బొడిపె మార్చి గ్రీసు కొట్టాడు. బాపు చేతి కట్టు తానే విప్పి పారేసి సీటెక్కాడు. ఒక్క చేత్తో ఎడమకు తిప్పాడు. తిరిగింది. మళ్లీ ఎడమకే తిప్పాడు. అట్లాగే వీధిలోకి పోయి హనుమాండ్ల గుడి చుట్టూ ఎడమకు తిరగడం మొదలుపెట్టాడు. కొబ్బరికాయలు ఇచ్చినవాళ్లంతా లబోదిబోమన్నారు. "ఉల్టా తిరుగుతాండే! మా మొక్కులన్ని వాపస్ పోతయ్!" బాపు నవ్వుతూ ఇంకో చుట్టు తిరిగాడు. బండి ఇవ్వనని వేరే చెప్పే పని లేకపోయింది. కేతేపల్లి ఆయన గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం బాపు నా బిడ్డను భుజానికెత్తుకుని ఊరంతా తిప్పాడు.

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు అమ్మ బొట్టు బానెట్టు మీదే పెడుతోంది. మొన్న దుక్కులప్పుడు ఒక పొద్దున నేను పోయేసరికి, బాపు ఒక్కడే కొట్టంలో బండికి జాకీ పెట్టి కింద కూర్చుని ఉన్నాడు. స్టీరింగు బరువుగా ఉందట. చక్రాన్ని కాలితో నెట్టాడు. సాఫీగా తిరిగింది. మళ్లీ నెట్టాడు. మళ్లీ తిరిగింది. కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నా వైపు చూశాడు.

"బండి మంచిగనే ఉన్నది బిడ్డా" అన్నాడు.

అలవాటుగా నాకు కోపమొచ్చింది గానీ, ఈసారి ఎవరి మీద అరవాలో తెలియలేదు. జాకీ దించి నేనే సీటెక్కాను. బాపు పక్కన మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. గుడి దగ్గర ఎడమకు తిప్పితే ఒక్క చేత్తో తిరిగింది. "దిగు" అంటాడేమోనని చేను దాకా చూశాను. అనలేదు. ఒక్కసారి అంటే బాగుండునని ఎంతగానో అనిపించింది.